తడి మాటలకు తగిన పంపు

పొద్దున షాపు షట్టరు ఎత్తగానే చెల్లెలు వాక్యూమ్ పంపులన్నింటినీ ఒకసారి తిప్పి, వాటి చప్పుడు వింటుంది. ఏ పనికి ఏ పంపు సరిపోతుందో చెప్పడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. ఆవేళ బేరానికి వచ్చింది మాత్రం సొంత అక్క.

"ఆయన పోయాడు గానీ ఆయన మాటలు ఇల్లు వదల్లేదే," అంది అక్క, బల్ల మీద తల వాల్చి.

బావ ఆమెని వదిలేసి ఎదురింట్లోకి మారిపోయాడు. మాటలు మాత్రం అక్క ఇంట్లోనే ఉండిపోయాయి. అన్న మాటలు గోడల్లో నిలిచిపోవడం ఏ ఇంట్లోనైనా ఉండేదే; అద్దెకి చూసేవాళ్ళు కుళాయి తిప్పి చూసినట్టే గోడకి చెవి ఆనించి కూడా చూస్తారు. కానీ ఈ ఇంట్లో గిన్నె తీస్తే "దండగమారిదానా", అద్దం ముందు నిలబడితే "నీ మొహానికి అదొకటి తక్కువ". బిడ్డ పోయిన రోజు ఆయనన్న "నీ కడుపు మంచిదైతేగా" ఉయ్యాల కొక్కేన్ని పట్టుకుని వేలాడుతోంది. అక్క ఆ గది తలుపు తియ్యడమే మానేసింది.

ఆ మాటల్ని లాగెయ్యడానికి చెల్లెలు షాపులోకెల్లా గట్టిది, నూనెతో తిరిగే పంపు తెచ్చి అక్క ఇంట్లో బిగించింది. కాసేపటికే అది ఉక్కిరిబిక్కిరై ఆగిపోయింది. లోపలి నూనె పాలలా తెల్లబడింది.

"తడి చేరింది. ఆ మాటలన్నింట్లోనూ నీ ఏడుపు కలిసిపోయిందే అక్కా," అంది చెల్లెలు. "కోపంలో ఎంత బలంగా లాగాలనే చూశాను గానీ, ఏం లాగుతున్నానో చూసుకోలేదు."

ఈసారి నీళ్ళతో తిరిగే పంపు తెచ్చింది. దానికి అంత బలం లేదు గానీ తడి ఎంత వచ్చినా మింగేస్తుంది.

"ఇక్కడ లాగింది ఇంకోచోట వదలాలిగా. పైపు మురిక్కాలవలో పెట్టనా?"

"కాలవేం పాపం చేసింది?" అక్క కిటికీలోంచి ఎదురింటి వైపు చూసింది. బావ ఇస్త్రీ చొక్కాలో గుమ్మం దగ్గర తచ్చాడుతున్నాడు. ఆయనతో పెళ్ళి మాటలు ఖాయం చేసుకోడానికి ఒకావిడ, వాళ్ళన్నయ్య ఆవేళే వస్తున్నారు. "ఎవరి మాటలు వాళ్ళకే అప్పజెప్పు."

చెల్లెలు పైపుని వెనకవైపు నుంచి తీసుకెళ్ళి ఆ ఇంటి వెంటిలేటర్లో దూర్చి వచ్చింది. అక్క పంపుకి రెండోవైపున్న పైపు పట్టుకుని గది గదీ తిరిగింది. చివరికి ఉయ్యాల గది తలుపు తానే తోసింది. కొక్కేనికి పైపు ఆనించింది.

"ఒక్క అక్షరం మిగలకూడదు," అంది.

ఎదురింట్లో వచ్చినవాళ్ళు టీ కప్పులు అందుకుంటుండగా "దండగమారిదానా" అని పైనుంచి వినబడింది, అచ్చం బావ గొంతే. బావ దగ్గి, నవ్వాడు. రెండోది వచ్చింది. మూడోది వచ్చింది. వచ్చినావిడ అన్నయ్య లేవబోతే ఆవిడ చెయ్యి పట్టి ఆపింది.

"కూచో అన్నయ్యా. అన్నీ విందాం."

ఉయ్యాల మాట అన్నింటికన్నా చివర, తడితడిగా, నెమ్మదిగా వచ్చింది. ఆవిడ కప్పు కింద పెట్టేసింది.

"అవన్నీ దాన్నన్నవి! నిన్ను ఒక్క మాటన్నానా?" అన్నాడు బావ.

"ఇంకా అనలేదు," అంది ఆవిడ చెప్పులు తొడుక్కుంటూ.

బావ వాళ్ళ వెనకే వీధిలోకి పరిగెత్తాడు. ఎదురుగా అరుగు మీద అక్క, పక్కన చెల్లెలు. ఇద్దరూ ఆయన్నే సూటిగా చూస్తున్నారు. ఏదో అనబోయాడు. ఇరుగుపొరుగు వినడానికి సిద్ధంగా నిలబడ్డారు. నోరు మూసుకుని ఇంట్లోకి తిరిగి వెళ్ళాడు. లోపల ఆయన కోసం ఆయన గొంతే కాచుకుని ఉంది.