నాలుగు వేళ్ళ బూడిద

పార దిగడం లేదు. నిన్న సాయంత్రం గంజిలా జారుతూ వచ్చిన బురద తెల్లవారేసరికి సిమెంటులా గట్టిపడింది. దాని కింద క్యారెట్లు కడిగే తొట్లు ఆరు ఉన్నాయి. కూలిన రేకుల పాక ఉంది. ఆ తొట్లలో పనిచేసే తార్హేలియా రబ్బరు బూట్లలో ఒకటి ఉంది. రెండోది ఆమె కాలితోపాటు లాటకుంగా పట్నం ఆసుపత్రికి వెళ్ళింది.

వాగుకు ఏం జరిగినా ఇంటికొకరు పార పట్టుకుని రావాలి. రాని ఇంటికి పొలం నీళ్ళ వంతు తప్పుతుంది. దిగ్నా టోయపాంటా అందరికంటే ముందు వచ్చి, అందరికంటే బురద ఎక్కువున్న చోట నిలబడింది. అరచేతులు బొబ్బలెక్కినా తల ఎత్తలేదు. తల ఎత్తితే ఎవరో ఒకరు జాలిగా చూస్తారు. ఆ చూపు ఆమె భరించలేకపోతోంది.

పదింటికి మొక్కజొన్న గుగ్గిళ్ళ గంప దించారు. మొదటి దోసెడు దిగ్నా ఒళ్ళోనే పోసింది ముసలి ఓబ్దూలియా.

"తిను తల్లీ. నీ తప్పేముంది ఇందులో? కొండ తండ్రి చెప్పి దిగుతాడా?"

దిగ్నా ఒక్క గింజ నోట్లో వేసుకుంది. మిగతావి తిరిగి గంపలో పోసింది.

ఎనిమిదేళ్ళుగా ఆ ఊరి తరఫున కొండను కనిపెట్టి ఉండేది దిగ్నాయే. జీతం లేదు. నగరంలో కొండల సంగతి చూసే ఆఫీసు వాళ్ళు ఒక రేడియో సెట్టు, ఒక పసుపు కోటు ఇచ్చారు. రోజూ సాయంత్రం ఐదింటికి కొండ చుట్టూ ఉన్న కావలి వాళ్ళందరినీ వరసగా పిలుస్తారు. ఎవరు చూసింది వాళ్ళు చెప్పాలి. ఏమీ లేకపోతే "విశేషం లేదు" అంటే చాలు.

మూడు నెలలుగా ఆ కోటోపాక్సి అగ్నికొండ బూడిద చిమ్ముతోంది. నెత్తిన తెల్లగా మెరిసే మంచు ఇప్పుడు చిల్లుల నల్ల దుప్పటి కప్పుకున్నట్టుంది. నల్లబడ్డ మంచు ఎండకు తొందరగా కరుగుతుంది. ఆ నీళ్ళు బూడిదనూ రాళ్ళనూ ఈడ్చుకుంటూ ఈ వాగులోకే దిగాలి. అందుకే దిగ్నా రోజూ మధ్యాహ్నం ఒక గాజు జాడీ నిండా వాగు నీళ్ళు పట్టి కిటికీలో పెడుతుంది. గంటసేపు కదపదు. అడుగున పేరుకున్న బూడిదను వేళ్ళతో కొలుస్తుంది. ఒకటో రెండో వేళ్ళయితే మామూలే.

ఆగస్టులో ఒకరోజు మూడు వేళ్ళొచ్చింది. రేడియోలో చెప్పింది. పోలీసులు వంతెనకు అడ్డంగా తాడు కట్టారు. నాలుగు రోజులు పాల బండి రాలేదు, పాలన్నీ కాలవపాలయ్యాయి. అరవై బస్తాల క్యారెట్లు కుళ్ళిపోయాయి. కొండ మాత్రం దగ్గను కూడా దగ్గలేదు. అప్పట్నుంచి దిగ్నా దుకాణానికి వెళ్ళడమే తగ్గించింది. "ఏమ్మా, ఇవాళ నీ జాడీలో కొండ మొత్తం మునిగిందా?" అని ఒకరంటే, "మా ఆవిడ అలిగింది, అది కూడా చెప్పు నీ రేడియోలో" అని ఇంకొకరు. అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వాల్సి వచ్చేది.

ఆ వారంలోనే ఎవారిస్తో ఇంటికొచ్చాడు. వాగు ఒడ్డున క్యారెట్లు కడిగించేది అతనే. బస్తాకు ముప్పై సెంట్లిస్తాడు. నలభైమంది ఆడవాళ్ళు అతని తొట్ల దగ్గరే బతుకుతున్నారు. జున్నుముద్ద ఒకటి బల్లమీద పెట్టి, ఈసారి ఏదైనా కనబడితే రేడియోకంటే ముందు తనకు చెప్పమని నెమ్మదిగా అడిగాడు. దిగ్నా సరేనంది.

నిన్న నాలుగు వేళ్ళొచ్చింది. నీళ్ళు కాలిన అగ్గిపుల్ల వాసన కొట్టాయి. ఆమె జాడీ పట్టుకుని తిన్నగా ఎవారిస్తో దగ్గరికే వెళ్ళింది. అతను వెలుతురుకు ఎత్తి చూశాడు. లారీ సగం నిండింది, తెల్లారితే సంత, రేపటిదాకా చూద్దామన్నాడు. బెదిరించలేదు, బతిమాలలేదు. అతను ఆ మాట అనగానే గుండె మీద బరువు దిగినట్టయింది దిగ్నాకు. ఇప్పుడు ఆమెను తినేస్తున్నది ఆ తేలికే.

తిరిగి వస్తుంటే తార్హేలియా పిలిచింది. ఆమె కూతురికి జ్ఞానస్నానం చేయించింది దిగ్నాయే. తార్హేలియా మోకాళ్ళదాకా నీళ్ళలో నిలబడి, బస్తాను కాళ్ళతో తొక్కి కడుగుతూ నవ్వింది.

"ఏందొదినా, ఏమంటోంది నీ జాడీ? నన్ను ఇంటికి పొమ్మంటోందా?"

"ఏం లేదులే వదినా. పని చూసుకో."

ఇంటికెళ్ళి ఆ నీళ్ళు కోళ్ళ దొడ్లో పారబోసి, జాడీని ఇసుకతో తోమింది. ఐదింటికి "విశేషం లేదు" అంది. ఐదున్నరకు వాగులో బురద విరుచుకుపడింది. మిగతావాళ్ళు గట్టెక్కారు. తార్హేలియా తొట్టికీ గట్టుకీ మధ్య ఇరుక్కుంది. ఎడమ కాలు తీసెయ్యాలన్నారు.

మధ్యాహ్నం ఎవారిస్తో కూడా పార పట్టాడు. అలవాటు లేని చేతులతోనే చాలాసేపు తవ్వాడు. తర్వాత దిగ్నా పక్కకొచ్చి, తార్హేలియా ఇంటికి రెండు బస్తాల బంగాళాదుంపలు పంపించానన్నాడు. గొంతు తగ్గించాడు.

"రేపు అధికారులొస్తారమ్మా. ముందు ఏ గుర్తూ కనబళ్ళేదని చెబుదాం. కాదంటే ఈ తొట్లు మూయిస్తారు. నలభైమంది పొయ్యిలారిపోతాయి. నిన్నూ వదలరు."

"ఆమె కాలు?"

"కొండ చేసినదానికి ఎవరేం చేస్తారు?"

దిగ్నా ఒక పార బురద ఎత్తి గట్టుకేసింది. అతను చెప్పినదాంట్లో అబద్ధమేదో వెతికింది. పొయ్యిలు నిజమే. తనను వదలరన్నదీ నిజమే.

ఆరోజు కూడా జాడీ ముంచింది. తొట్ల గట్టుమీదే పెట్టింది. గంట తర్వాత చూస్తే ఒక్క వేలు. వాసన లేదు. ఇవాళ నిజంగానే విశేషం లేదు.

ఐదయింది. నడుముకున్న రేడియో బుసబుసమంది. మొదటి కావలి: విశేషం లేదు. రెండోది, మూడోది అంతే. ఎవారిస్తో పార మీద చెయ్యి ఆనించి ఆమెవైపే చూస్తున్నాడు. ఓబ్దూలియా గంప సర్దుకుంటోంది.

"నాలుగో కావలి, చెప్పండి."

దిగ్నా మీట నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది.

"ఇవాళ ఒక వేలు," అంది. "నిన్న నాలుగు. గంధకం వాసన కొట్టింది. నేను చూశాను. తొట్ల యజమానికి చూపించాను. మీకు చెప్పలేదు. తార్హేలియా అడిగితే ఏం లేదన్నాను."

చుట్టూ పారల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. ఆమె మీట వదిలింది. రేడియో మళ్ళీ బుసబుసమంది.

"నాలుగో కావలి, సరిగా వినబడలేదు. మళ్ళీ చెప్పండి."

ఓబ్దూలియా చేతిలోంచి గంప జారింది. ఎవరూ వంగి తీయలేదు. దిగ్నా తల ఎత్తి, అందరి మొహాలూ ఒకసారి చూసి, మళ్ళీ మీట నొక్కింది.