లిగి రాసిన వాక్యాలు

పసిఫిక్ దీవి నియూ భాషకు నిఘంటువు తయారుచేస్తూ, మాటకొక కార్డు మీద ఇకిపా మాస్టారు అర్థాలు రాస్తే, ఉదాహరణ వాక్యాలు ఆయన భార్య లిగి రాసేది. ఆమె పోయిన రెండు నెలలకు, పుస్తకం అచ్చువేయించే మోకా ఆ కార్డుల పెట్టెతో వచ్చింది. మోకా మాస్టారి పాత శిష్యురాలు.

"ఇవేం వాక్యాలండీ మాస్టారూ! 'బద్ధకం' దగ్గర 'ఇకిపా పడవకి రంగు వెయ్యడు'. 'చెవుడు' దగ్గర 'ఇకిపాకి నా కేక వినపడదు, చామదుంపలు ఉడికితే మాత్రం తెలుస్తుంది'. బడిపిల్లలు నవ్వరూ? ఈ వాక్యాల్లోంచి మీ పేరు తీసేస్తాను."

"నవ్వనీ. నా అర్థాలు కావాలంటే దిద్దు. ఆవిడ వాక్యాల జోలికి మాత్రం పోకమ్మా."

మోకా ఖాళీగా మిగిలిన ఒకే ఒక్క కార్డును ఆయన ముందు పెట్టింది. 'ఎట్టకేలకు' అన్న మాట అది. దానికి వాక్యం రాయకముందే లిగి మంచాన పడింది.

మాస్టారు చాలాసేపు ఆలోచించి రాశారు: 'ఎట్టకేలకు ఇకిపా పడవకు రంగు వేశాడు.'

మోకా కార్డు అందుకోబోయింది. ఆయన ఇవ్వలేదు.

"రేపు సాయంత్రం రామ్మా. ఆవిడ ఒక్క వాక్యమైనా అబద్ధం రాయలేదు."

ఆమె వెళ్ళగానే మాస్టారు కుంచె వెతకడానికి పడవల పాకలోకి నడిచారు.