నన్ను అడగాల్సిన మాట

నేను మా ఆయన రవీందర్ బూట్లకు పాలిష్ పెడుతుండగా దశరథం గారి ఫోన్ వచ్చింది. 2014 జనవరి నెల. ఎడమచెయ్యి బూటులో ఉంది, కుడిచేతి వేళ్లకు నల్లరంగు అంటుకుంది. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని విన్నాను. ఆయన మా రాష్ట్ర లాన్ బౌల్స్ సంఘం కార్యదర్శి. ఫిబ్రవరిలో ఢిల్లీలో జాతీయ మహిళా జట్టు శిబిరం మొదలవుతుందని, నలభై ఐదు రోజులు ఉంటుందని, నన్ను సహాయ కోచ్‌గా వేశారని చెప్పారు. ప్రధాన కోచ్ నవీన్‌కుమార్.

నవంబర్‌లో మీరే నా పేరు ప్రధాన కోచ్‌గా పంపామన్నారు కదా సార్ అన్నాను.

"పంపామమ్మా. కానీ మీవారితో మాట్లాడితే, పది రోజులకు మించి ఇల్లు వదిలి ఉండటం మీకు కుదరదన్నారు. సహాయ కోచ్ అయితే మధ్యమధ్యలో వచ్చి వెళ్లొచ్చు. అంతా మీ సౌకర్యం కోసమే."

ఫోన్ పెట్టేశాక రెండో బూటు ముట్టుకోలేదు. ఆ రోజు రవీందర్ ఒక బూటు మెరుస్తూ, ఇంకోటి దుమ్ము కొట్టుకుని ఎయిర్‌పోర్ట్ కార్గోలో డ్యూటీకి వెళ్లాడు. నేను బడికి వెళ్లాను. పిల్లల చేత కవాతు చేయిస్తూ ఎడమ అనాల్సిన చోట కుడి అన్నాను. పెళ్లయి పదమూడేళ్లు. కూరలో ఉప్పు సరిపోయిందా అని నేను ఆయన్ని రోజూ అడుగుతాను. నా జీవితంలో వచ్చిన ఒకే ఒక పెద్ద మాటను, నాతో ఒక్కసారి చెప్పకుండా, ఆయన ఎంత తేలిగ్గా ఫోన్‌లో తేల్చేశాడో అనుకుంటూ, ఆగమనడం మరిచిపోయి పిల్లల్ని గోడ దాకా నడిపించాను.

ఈ ఆట నా దగ్గరికి 2008 వేసవిలో వచ్చింది. శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన ఏడాది. మా వ్యాయామ టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి వచ్చిన ఒకాయన, పచ్చిక మీద నల్లబంతిని దొర్లించి దూరంగా ఉన్న చిన్న తెల్లబంతి పక్కన ఆపాలన్నాడు. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంది. కానీ ఆ నల్లబంతి తయారీలోనే ఒక పక్కకు ఒరిగేలా ఉంటుంది. నేరుగా పోదు, వేగం తగ్గాక వంపు తిరుగుతుంది. అది ఎక్కడ తిరుగుతుందో వదలకముందే తెలియాలి. నేను వేసిన మొదటి బంతి తెల్లబంతికి జానెడు దూరంలో ఆగింది. ఇంకోసారి వెయ్యమన్నారు. అక్కడే ఆగింది. ఆ తర్వాత ఆయన నా పేరు రాసుకున్నాడు.

ఇంటి దగ్గర పచ్చిక ఎక్కడిది? బెంగళూరు రోడ్డు పొడుగునా ఉన్న పెళ్లి గార్డెన్లలో ఒకదాన్ని ఊడ్చే సత్తెమ్మను బతిమాలుకున్నాను. తెల్లవారి ఐదున్నరకు గేటు తీసేది. రాత్రి పెళ్లి జరిగి ఉంటే ఇద్దరం కలిసి ప్లేట్లు, గ్లాసులు, తొక్కిన పూలు ఏరేవాళ్లం. అప్పుడు నాకు గంట దొరికేది. ఏడుకల్లా ఇంట్లో టీ పెట్టాలి. అత్తమ్మ జంగమ్మ దాన్ని గుండ్లాట అనేది. పెళ్లయిన ఆడది పొద్దున్నే గుండ్లు దొర్లించుకుంటూ తిరిగితే కిరాయికున్నోళ్లు ఏమనుకుంటారనేది. ఊడ్చి, వండి, డబ్బాలు సర్ది బడికి పరిగెత్తే నన్ను చూసి కిరాయికున్నోళ్లు ఏమీ అనుకోకపోవడమే నాకు వింతగా ఉండేది.

2011లో దేశం తరఫున మలేషియా వెళ్లాను. మామయ్య రామచంద్రయ్య నన్ను ఎయిర్‌పోర్ట్‌లో దిగబెట్టడానికి వస్తూ, లోపలి రోడ్డు మీద ఒకచోట ఆటో ఆపించాడు. ఎయిర్‌పోర్ట్ కట్టకముందు మన మక్కచేను ఈడనే ఉండె బిడ్డా అని చూపించాడు. ఆ నేల మీది నుంచే నేను మొదటిసారి ఆకాశంలోకి లేచాను. పదకొండు రోజుల తర్వాత కాంస్యంతో దిగితే, రవీందర్ మెడల్ తన మెడలో వేసుకుని తోటి ఉద్యోగులతో ఫొటో దిగాడు. ఇంటికొచ్చేసరికి బకెట్లలో బట్టలు నానబెట్టి ఉన్నాయి, వాసన కూడా వస్తున్నాయి. ఆడుకుని వచ్చినవ్ గద, ఇగ జర ఇల్లు సూడు అన్నాడు నవ్వుతూ. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే కోపం. ఆ తర్వాత రెండేళ్లు ఆడాను, ఆడుతూనే అమ్మాయిలకు నేర్పాను. జాతీయ జట్టులోని నలుగురిలో ఇద్దరికి బంతి వదిలేటప్పుడు చెయ్యి తిప్పడం నేర్పింది నేనే.

సాయంత్రం రవీందర్ వచ్చి బూట్లు విప్పుతుంటే అడిగాను. దాచలేదు. అసలు అది దాచాల్సిన సంగతి అని ఆయనకు తోచనే లేదు.

"మీ సారు ఫోన్ చేసిండు, చెప్పిన. ఫిబ్రవరిల అమ్మకు మోకాళ్ల ఆపరేషన్ ఉన్నదా లేదా? దవాఖానల ఎవరుంటరు?"

"నువ్వు ఉంటవ్. మీ అమ్మ గద."

"నాకు డ్యూటీ ఉంటది ప్రసన్నా."

"నాకు గూడ డ్యూటీనే వచ్చింది. నన్ను అడగకుండనే వద్దన్నవ్."

ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు, అర్థంకాని పరేషాన్ ఉంది. వరండాలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్న అత్తమ్మ అప్పుడు నోరు తెరిచింది. నా మీదికే వస్తుందనుకున్నాను.

"ఆపరేషన్ నాకు. ఎప్పుడు జేయించుకుంటవని నన్ను ఎవడన్న అడిగిండా? దసర అయినంక జేయించుకుంట. గప్పటిదాంక నా మోకాళ్ల పేరు జెప్పి ఎవరూ ఏం మాట్లాడకుండ్రి." చాటలోంచి తల ఎత్తకుండానే నాతో అంది, "నీ కోసం గాదు, నా కోసం చెప్తున్న."

మర్నాడు బడి నుంచే ఢిల్లీలోని జాతీయ సంఘానికి ఉత్తరం పంపాను. ప్రధాన కోచ్‌గా అయితేనే వస్తానని, నా రాకపోకల గురించి ఇకముందు నన్ను తప్ప ఎవరినీ అడగవద్దని రాశాను. తొమ్మిది రోజులు జవాబు లేదు. రవీందర్ నాతో అవసరమైనంత వరకే మాట్లాడాడు. అంత గట్టిగా రాయకుండా ఉండాల్సిందా, ఉన్నది కూడా పోతుందా అని బియ్యం కడుగుతూ, బట్టలు పిండుతూ ఎన్నిసార్లు అనుకున్నానో. కానీ ఆ ఉత్తరంలో తీసేయాల్సిన మాట ఏదని వెతికితే ఒక్కటీ దొరకలేదు.

పదో రోజు ఢిల్లీ నుంచి సంఘం పెద్దమనుషులు ముగ్గురు ఒకే ఫోన్‌లో మాట్లాడారు. నా పేరే కావాలని జట్టు కెప్టెన్ అనుపమ, మిగతా ముగ్గురూ కూడా ఉత్తరం పెట్టారని అప్పుడే తెలిసింది. ఆట గురించి ఒక్క ప్రశ్న లేదు. నలభై ఐదు రోజులు ఇంటికి దూరంగా ఉండగలరా, కుటుంబానికి ఇబ్బంది రాదా అని మాత్రం మూడు రకాలుగా అడిగారు. నవీన్‌కుమార్ గారికి ఈ నెలలోనే బిడ్డ పుట్టింది కదా, ఆయన్ని కూడా ఇదే అడిగారా సార్ అన్నాను. మాట్లాడుకుని చెబుతామని ఫోన్ పెట్టేశారు. సాయంత్రానికి ప్రధాన కోచ్‌గా నా పేరుతో కాగితం వచ్చింది.

బయల్దేరిన రోజు రవీందర్ ఎయిర్‌పోర్ట్‌కు రాలేదు. డ్యూటీలో అక్కడే ఉన్నాడు, అయినా రాలేదు. నేనే రెండు పెట్టెలు లాక్కుంటూ లోపలికి వెళ్లాను. బాధ లేదని అబద్ధం చెప్పను. వారం తర్వాత ఫోన్ చేసి, కందిపప్పుకు ఎన్ని నీళ్లు పొయ్యాలని అడిగాడు. చెప్పాను. ఇంకేదో అడగబోయి ఆగి, అమ్మాయిలు మంచిగ ఆడుతున్నరా అన్నాడు. ఆరేళ్లలో ఆటను గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది.

శిబిరం మూడో వారంలో దశరథం గారు ఢిల్లీ వచ్చారు. పచ్చిక అంచున నా పక్కన నిలబడి ఆట చూస్తూ గొంతు తగ్గించారు. అనుపమకు పెళ్లి కుదిరిందట, మేలో ముహూర్తమట. పెళ్లయ్యాక ఆడనిస్తారో లేదో కోచ్‌గా మీరే ఒక మాట చెబితే, ఇప్పుడే వేరే అమ్మాయిని చూసుకుంటామన్నారు.

అనుపమ అప్పుడే బంతి వదిలింది. అది ఎక్కడ వంపు తిరుగుతుందో చూస్తూనే జవాబిచ్చాను.

"ఆమె అక్కడే ఉంది సార్. వెళ్లి ఆమెనే అడగండి."