అత్తగారు దాచిన మధ్యాహ్నం

ఊరంతా తలుపులేసుకుని కూర్చున్న రోజుల్లో, ఒక మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి, కోడలు కుడిచేత్తో మామగారికి అన్నం పెడుతూ ఎడంచేత్తో తన పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసం ఆఖరి అధ్యాయం దిద్దుకుంటోంది. సాయంత్రం ఐదింటికల్లా యూనివర్సిటీకి పంపకపోతే ఇన్నేళ్ల చదువూ నీళ్లపాలే. పక్షవాతంతో మంచం పట్టిన మామగారు, ఆన్‌లైన్ క్లాసులో పాప, హాల్లో మీటింగులో భర్త.

"ఏవండీ, పాపకి కాస్త అన్నం కలిపి పెడతారా?"

"మీటింగులో ఉన్నానోయ్!"

"ఆ మీటింగులో మీ గొంతు ఎప్పుడూ వినపడదేం?"

కోడలు కంప్యూటర్ మూసేసింది. "ఇక నావల్ల కాదు మామయ్యగారూ. వదిలేస్తున్నాను."

ఆయన కళ్లు పైకెత్తి చూపించారు. "అటక మీద మీ అత్తయ్య దాచిన మధ్యాహ్నం ఒకటి మిగిలుండాలమ్మా. దింపమను వాణ్ణి."

అత్తగారు, ఆ మహాతల్లి, బతికున్నన్నాళ్లూ పగలు నడుం వాల్చి ఎరగదు. "నాకెందుకులే, రేపెవరికైనా పనికొస్తుంది" అంటూ తన విశ్రాంతి వేళని జాడీలో పోసి, దేవుణ్ణి తలుచుకుని, మూతికి గుడ్డ కట్టేది. కొడుకు పరీక్షలకొకటి, భర్త జ్వరానికొకటి అలా ఖర్చయిపోయాయి. జాడీ హాల్లోనే తెరవడం ఆ ఇంటి ఆనవాయితీ. ఆ వేళ హాల్లోవాళ్లకే సరిపోయేది, వంటింట్లో ఉన్న ఆవిడదాకా ఎప్పుడూ వచ్చింది లేదు.

భర్త జాడీ దించి, అలవాటుగా హాల్లో పెట్టి ముడి విప్పబోయాడు.

"ఒరేయ్, మళ్లీ అక్కడేనా!" మామగారు కేకేశారు. "మనిద్దరం గురక పెట్టడానికా? అమ్మాయి గదిలో పెట్టి తలుపెయ్యి."

"మరి మీకూ, పాపకీ అన్నం?"

"నీకు చేతుల్లేవట్రా?"

గదిలో కోడలు గుడ్డ విప్పింది. ఉతికి ఆరేసిన నేతచీరల వాసన. ఎక్కడో పక్కింటి రేడియో సన్నగా పాడుతోంది. ఎవరో వెనక కూర్చుని విసురుతున్నట్టు చల్లగాలి. ఆ పాతకాలపు ఎండ గోడమీద కదలకుండా నిలబడింది. ఎవరూ పిలవలేదు. ఆమె రాసింది, కొట్టేసింది, తీరిగ్గా మళ్లీ రాసింది. అంత పొడుగాటి మధ్యాహ్నం అత్తగారికి ఒక్కటీ దక్కలేదు కదా అనుకుని కళ్లు తుడుచుకుంది.

వ్యాసం పంపి బయటికొస్తే ఐదింటికి ఇంకా వ్యవధి ఉంది. భర్త చొక్కానిండా మెతుకులు.

"పెట్టిందానికంటే పూసిందే ఎక్కువమ్మా," అన్నారు మామగారు గడ్డం తుడుచుకుంటూ.

మర్నాడు పొద్దున్న, ఆయన మంచం మీంచి పురమాయిస్తుంటే, తండ్రీ కూతురూ కలిసి హాల్లోని పెద్ద బల్లని కోడలి గదిలోకి జరిపారు. భర్త ఆఫీసు వంటింటి గట్టుమీదికి మారింది.

"ఆ చప్పుడేంటండీ?" అని మీటింగులో ఎవరో అడిగారు.

"ఉల్లిపాయలు తరుగుతున్నాను," అన్నాడు. "మీరు చెప్పండి, వింటున్నా."