నొప్పి లేని కడుపు

సాయికిరణ్ మారు అన్నం అడిగిన రోజున ఆ ఇంట్లో పండగే అయింది. తల్లి కన్యాకుమారి నెయ్యి వెయ్యబోయి, గరిటె అలాగే పట్టుకుని కళ్లు తుడుచుకుంది. దీపిక మాత్రం భర్త ఎడం చేతివంకే చూస్తూ కూర్చుంది. ఎన్నాళ్ల తరవాతో ఆ చెయ్యి కడుపుని పట్టుకోకుండా ఊరికే ఒళ్లో పడి ఉంది.

వాళ్లది సాలూరులో లారీ సామాన్ల కొట్టు. సాయికిరణ్ దీపికకి మేనత్త కొడుకే. పెళ్లయిన మరుసటేడు అతనికి పెద్దపేగులో పుళ్లు పడ్డాయి. బేరం మధ్యలో లేచి లెట్రిన్‌కి పరుగెత్తేవాడు. తిరిగొచ్చేసరికి మొహం పాలిపోయి ఉండేది. నెత్తురంతా కిందకే పోయేది. విజయనగరంలో డాక్టర్ అనూరాధ కెమెరా గొట్టం వేసి చూసి, మాత్రలు ఎట్టి పరిస్థితుల్లోనూ మానకూడదంది. ఆ మాత్రలు కొన్నాళ్లు పనిచేసేవి, కొన్నాళ్లు మొరాయించేవి. స్టెరాయిడ్ మొదలెడితే మొహం బూరెలా ఉబ్బేది.

ఫోన్లో ఏవో వీడియోలు చూసి ఒకసారి అతనే అడిగాడు, విదేశాల్లో దీనికి గంజాయి మందు వాడుతున్నారట కదా అని.

"పరీక్షలు చేస్తున్నారు," అంది డాక్టరు. "కొందరికి నొప్పి తగ్గింది. ఆకలేసింది, నిద్ర పట్టింది. కానీ గొట్టం వేసి చూస్తే పుండు మానినట్టు గట్టిగా తేలలేదు. పైగా బయట దొరికేది ఎంత ఘాటో, అందులో ఏం కలిపారో ఎవరికీ తెలీదు. లారీ సామాన్లు అమ్మేవాడివి, నీకు చెప్పాలా? బండిలో ఎర్రలైటు వెలుగుతోందని బల్బు పీకేస్తే ఇంజను బాగవుతుందా?"

అతను నవ్వేశాడు. ఆ మాటల్లో అతని చెవికెక్కింది మొదటి సగమే.

ఘాటీ దాటి ఒడిశా వైపు లారీ తోలే గంగులు వాళ్ల కొట్టుకి పాత బేరగాడు. ఓ మధ్యాహ్నం ఫిల్టరు కొనడానికొచ్చి, జేబులోంచి చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టాడు. నల్లగా, పచ్చటి జీరతో, తడి గోనెసంచి వాసన వేస్తోంది.

"సూడు బాబూ. పొగ గాదు, పొడుం గాదు, గంజాయి నూనె. రెండు సుక్కలు నాలిక కింద ఏసుకో. మా బావమరిదికి నొప్పులన్నీ ఒదిలిపోనాయి."

"ఇది పట్టుకుంటే జైలు కాదా?" అంది దీపిక.

"కడుపునొప్పికి ఏసుకున్నోడిని ఎవుడు పట్టుకుంటాడమ్మా?"

ఎవరు తయారుచేస్తారంటే మాత్రం గంగులు ఫిల్టరు చంకన పెట్టుకుని లారీ వైపు నడిచాడు. దీపిక వద్దని ఒక్కసారే అంది. ఆ రాత్రి భర్త మూలుగు వినపడకుండా తెల్లారాక, ఆ ఒక్కమాటా అనడం మానేసింది.

అతను మారు అడిగి తిన్నాడు, నిద్రపోయాడు, కొట్లో జోకులేశాడు. మాత్రలు ఇంకెందుకే అని పక్కన పెట్టేశాడు.

"నెత్తురు పడుతోందా?" అని అడిగింది.

"లేదే," అన్నాడు.

కానీ బాత్రూంలో బకెట్లకి బకెట్లు నీళ్లు కుమ్మరించే చప్పుడు పెరిగింది. బుగ్గలు లోపలికి పోతుంటే పొట్ట దగ్గర చొక్కా గుండీలు బిగుసుకుంటున్నాయి. "తిండి ఒంటబడుతున్నాది," అని కన్యాకుమారి మురిసిపోయింది. దీపికకి ఆ మాట నచ్చలేదు. ఎందుకో మాత్రం చెప్పలేకపోయింది.

ముసురు పట్టిన ఓ పొద్దున కాఫీ ఇవ్వబోతే అతని వేళ్లు తగిలి ఉలిక్కిపడింది. కాలిపోతున్నాయి. మణికట్టు పట్టుకుంటే నాడి పరుగులు తీస్తోంది. చొక్కా ఎత్తి చూసింది. పొట్ట డప్పులా బిగిసి మెరుస్తోంది. మెల్లగా నొక్కింది.

"నొప్పిగా ఉన్నాదా బావా?"

"లేదే," అని నవ్వాడు.

ఆ నవ్వు చూసి దీపిక ఫోను అందుకుంది.

ఫోన్లో డాక్టరు అంతా విని, "ఇంకేమైనా వాడుతున్నాడా?" అంది. చెప్పొద్దని అత్త తల అడ్డంగా ఊపుతోంది. దీపిక అటు తిరక్కుండా చెప్పేసింది.

"ఆ సీసా పట్టుకురండి. ఏం వేసుకున్నాడో నాకు తెలియాలి. ఆలస్యం చెయ్యకండి."

అద్దె కారులో విజయనగరం పోతుంటే రామభద్రపురం దగ్గర పోలీసులు బళ్లు ఆపుతున్నారు. సీసా దీపిక హ్యాండ్‌బ్యాగులో ఉంది. అద్దం దించి విసిరేద్దామా అనుకుంది. విసిరేస్తే డాక్టరుకి చూపించడానికి ఏమీ ఉండదు. దొరికితే వీళ్లు ఇక్కడే ఆపేస్తారు, మనిషి రోడ్డు మీదే పోతాడు.

"బ్యాగులో ఏటున్నాది?" అన్నాడు కానిస్టేబులు లోపలికి వంగుతూ.

"మందులు," అంది.

అతను చెయ్యి చాచబోయి వెనకసీటు వైపు చూశాడు. బూడిదరంగు పెదాలతో సాయికిరణ్ అతన్ని చూసి తీరిగ్గా నవ్వుతున్నాడు. కానిస్టేబులు ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఎల్లండి. బేగి ఎల్లండి."

సీసా వాసన చూసి, ఇది నొప్పిని కప్పేసిందని, పేగు ఉబ్బి కాగితంలా పల్చబడిపోయిందని, చిల్లు పడితే బతకడని చెప్పి అనూరాధ ఆ పూటే ఆపరేషను చేయించింది. పెద్దపేగంతా తీసేశారు. మలం పోవడానికి పొట్టకి సంచీ తగిలించారు. మనిషి దక్కాడు.

అతనికి తెలివొచ్చి మాటలాడగలిగాక దీపిక అడిగింది, "నెత్తురు పడుతున్నట్టు నీకు తెలీనే తెలీదా?"

అతను సంచీ మీదికి దుప్పటి లాక్కున్నాడు.

"తెలుసే. రోజూ చూసేవాణ్ణి. భయం వెయ్యలేదు. ఎవరి నెత్తురో పోతున్నట్టుండేది."

ఆమె వరండాలోకి వచ్చింది. గంగులుకి ఫోన్ చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు.

బట్టలు తీసుకెళ్లడానికి సాలూరు వచ్చిన రోజు, కొట్టు ముందు మరిడమ్మ కనిపించింది. వెనక వీధిలో టిఫిన్లు అమ్ముకునే మనిషి. దీపికని చూడగానే రెండు చేతులూ పట్టుకుంది.

"నీ మొగుడికి తగ్గిపోనాదని గంగులు సెప్పినాడమ్మా. మా పిల్లకీ ఆ నూనె తెచ్చి ఇచ్చినాడు. మూడు రోజులబట్టి కడుపునొప్పితో మెలికలు తిరిగిపోనాది."

"ఇప్పుడెలా ఉంది?"

"సల్లగా ఉన్నాది. నొప్పే నేదంట. నవ్వతా పడుకున్నాది."

చేతిలోని తాళాలు అరుగు మీద పడేసి, దీపిక వెనక వీధివైపు పరుగెత్తింది.