ఆఖరి తీగ

ఆమెకు మిగిలింది ఇక ఆ ఒక్క తీగే. వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ లోహం ముద్దగా ఉన్నప్పుడు బాగా చల్లబరిస్తే కరెంటు అడ్డూ ఆపూ లేకుండా పారుతుందని అందరికీ తెలుసు. ఇంత సన్నని తీగలోనూ పారుతుందని ఆమె పట్టు. పారదు పొమ్మన్నాడు గైడు. ఈ సాయంత్రంలోగా చూపించకపోతే పరిశోధనకూ, ఉద్యోగానికీ నీళ్లొదులుకోవాల్సిందే. మిగతా తీగలన్నీ ఒక్కొక్కటే కళ్లముందే మాడిపోయాయి.

ఇది చల్లటి గొట్టం అడుగున ఉంది. దీని కొసలు పైనున్న డబ్బా మీది ఇత్తడి మొలల దాకా వచ్చాయి. తెర మీద నిరోధం అంకె సున్నా వైపు దిగుతోంది.

"దిగు తల్లీ, నీ కాళ్లు మొక్కుతా, దిగు!" అని బతిమాలుతోందామె.

తలుపు చప్పుడైంది. చూస్తే అమ్మ! వరండాలో వణుకుతోంది. బట్టల రాపిడికి ఒంట్లో చేరే కరెంటు నేలలోకి పోయేలా మణికట్టుకు ఎర్తు తీగ కట్టుకోనిదే ఎవరూ లోపలికి రాకూడదు. తలుపు మీద ఆ బోర్డు రాసిపెట్టిన మహాతల్లి తనే. అయినా కన్నతల్లిని చలిలో నిలబెట్టడానికి మనసొప్పక తలుపు తీసింది.

"ఫోనెత్తవు, తిండి తినవు. దయ్యం గానీ పట్టిందా నీకు?" అంటూనే అమ్మ తన ఉన్ని స్వెట్టరు చిటపటమనిపిస్తూ విప్పి, వద్దంటున్నా వినకుండా కూతురి తలమీంచి తొడిగింది. తల అందులో ఇరుక్కుని కూతురికి లోకం కనబడలేదు.

"ఈ డబ్బా కోసమేనా ఇంత అవస్థ?"

"అమ్మా, ముట్టుకోకు!"

"అబ్బా! చురుక్కుమందేమిటే?"

తల బయటికొచ్చేసరికి తెర మీద అంకె లేదు, గీతలున్నాయి. మనిషి ఉలిక్కిపడి మరిచిపోయే ఆ చిన్న నిప్పురవ్వ చాలు, అలాంటి తీగ ఆవిరైపోవడానికి. ఆమె నేల మీద కూలబడి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.

"ఏమైందే? నా బంగారు తల్లివి కదూ, చెప్పవే!"

"తీగ పోయిందమ్మా. ఇంకోటి లేదు. నా బతుకంతా అందులోనే ఉంది."

"దానంతటదే ఎలా పోతుందే? ఎవడు ముట్టుకున్నాడో, వాడి చేతులు పడిపోను!"

కూతురు గభాలున ఆ చేతులు రెండూ పట్టుకుంది. "అలా అనకమ్మా. తప్పు నాదే. నేను తలుపు తీయకుండా ఉండాల్సింది."

అమ్మ తలుపు వైపు చూసింది. తర్వాత ఇంకా చురుక్కుమంటున్న తన వేలి వైపు చూసుకుంది.