పిట్ట స్టాప్

నలభై దాటినా ఇంట్లో అందరికీ ఆమె చిన్నదే. ఆ చిన్నదానికి తొమ్మిదేళ్లప్పుడు లోకంలో ఎవరిమీదా లేనంత ప్రేమ పక్కవాటాలోని టైలరత్త మీద ఉండేది. సొంత అత్తేం కాదు, మధ్యలో ఒక గోడ, అంతే చుట్టరికం. ఆదివారం మధ్యాహ్నమైతే చాలు, అత్త కుట్టుమిషన్‌కి గుడ్డ కప్పి, మెడలో టేపు కూడా తీయకుండా టీవీ ముందు చేరేది. కారు రేసులంటే ఆవిడకి ప్రాణం.

"వారమంతా తొక్కీ తొక్కీ నేను ఉన్నచోటే ఉంటాను. వీళ్లు తొక్కితే ఎంత దూరం పోతున్నారో చూడవే" అనేది.

"వాళ్లూ తిరిగి అక్కడికే వస్తారుగా అత్తా?"

"ఒసేయ్, నోర్మూసుకుని చూడు."

అత్త పక్కనున్న బట్టల మూట చిన్నదాని చోటు. డ్రైవర్ల పేర్లు ఇద్దరికీ తెలియవు. హెల్మెట్ రంగుని దారం రీళ్లతో పోల్చుకుని, "మన ముదురాకుపచ్చ వెనకబడ్డాడే!" అని బాధపడేవారు. కారు వచ్చి ఆగుతుంది, మనుషులు మూగి చక్రాలు మారుస్తారు, తుర్రున పోతుంది. దాన్ని పిట్ట స్టాప్ అంటారని అత్తకి చెప్పింది చిన్నదే. పిట్ట వాలి లేచినట్టే ఉంది గనుక ఇద్దరికీ ఏ అనుమానమూ రాలేదు.

వేసవి సెలవులకి పెదనాన్న కూతురు దిగింది. పదమూడేళ్లు, ఇంగ్లీషు గడగడా చదివేస్తుంది. మొదటి ఆదివారమే వెంటబడి వచ్చి, తిన్నగా మూటమీద కూర్చుంది. కాసేపటికి పకపకా నవ్వింది.

"పిట్టేంటే నీ మొహం! పిట్. అంటే గొయ్యి."

"గొయ్యా?" అత్త బుగ్గలు నొక్కుకుంది. "జాకెట్లు కుట్టించుకోవడానికొచ్చిన వాళ్లందరికీ పిట్టనే చెప్పాను కదమ్మా!" అని తనూ నవ్వింది. ఇద్దరూ కలిసి నవ్వారు.

చిన్నదానికి ఒళ్లు మండిపోయింది. అక్క తెరమీది అక్షరాలు చదివి ముదురాకుపచ్చకి నోరు తిరగని పేరొకటి చెప్పింది. "ఇంకోసారి చెప్పు తల్లీ" అంటూ అత్త దాన్ని వల్లెవేసింది. తల్లీ అట! తనని ఏనాడైనా ఒసేయ్ తప్ప ఇంకోలా పిలిచిందా?

రెండో ఆదివారం ముదురాకుపచ్చే ముందున్నాడు. ఆఖరి చుట్టు. అత్త అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోడవారగా నిలబడ్డ చిన్నది ఇక చూడలేక, మూట వెనక నుంచి పోతున్న వైరు పట్టుకుని లాగేసింది. టీవీ ఆరిపోయింది. మళ్లీ ప్లగ్గు పెట్టి బొమ్మ వచ్చేసరికి సబ్బు ప్రకటన వస్తోంది.

"ఎవరు లాగారు?"

అక్క చిన్నదాని మొహం చూసింది. ఏమనుకుందో, "నా కాలికి తగిలిందత్తా" అంది.

"పోనీలే తల్లీ, ఏం చేస్తాం" అని అత్త దాని తల నిమిరింది.

గండం గడిచిందని చిన్నది ఊపిరి పీల్చుకోవాల్సింది. కానీ ఆ నిమిరే చెయ్యి కనపడింది. లాగింది తనైతే నిమురుడు దానికా!

"అది కాదు, నేనే!" అని అరిచింది. "కావాలనే లాగాను!"

అత్త లేచి నిలబడింది.

"ఒసేయ్ దొంగమొహమా! ఏం పోయేకాలమే నీకు? వారమంతా నడుం విరగ్గొట్టుకుని దేనికోసం చూస్తానో నీకు తెలీదూ? ఊళ్లోవాళ్లెవరన్నా చేస్తే పోనీలే అంటాను. నువ్వు చేస్తే ఎలా అంటానే? నీకు నేనేమన్నా పరాయిదాన్నా?"

వీధిలోకి వినపడేలా తిట్టింది. మూటమీద అక్క తలొంచుకుని గౌను అంచు మడత పెట్టుకుంటోంది. దాన్ని ఎవరూ ఏమీ అనలేదు. చిన్నది ముక్కు చీదుకుంటూ, వెక్కుతూ, ఒక్క తిట్టు కూడా జారిపోకుండా విన్నది.

ఆయాసంతో అత్త ఆగింది. అప్పుడే అయిపోయిందేమోనని చిన్నదానికి గుండె జారిపోయింది.